మిరాఫియోరిలో చప్పట్లు కొట్టని చేతులు

1939 మే 15న ఇటలీలోని టూరిన్‌లో ఫియట్ కార్ల కంపెనీ కట్టిన కొత్త మిరాఫియోరి ఫ్యాక్టరీని ప్రారంభించడానికి ఫాసిస్టు నియంత ముస్సోలినీ వచ్చాడు. ఎదురుగా దాదాపు 50 వేల మంది కార్మికులు. 1934లో మిలాన్‌లో నేను మాట్లాడింది గుర్తుందా అని అడిగాడు. కార్మికులకు ఇంకా గొప్ప సామాజిక న్యాయం చేస్తానని మాటిచ్చిన ప్రసంగం అది. వేదిక దగ్గరున్న కొద్దిమంది తప్ప ఎవరూ పలకలేదు, చేతులు కట్టుకుని అలా నిలబడిపోయారు. గుర్తులేకపోతే మళ్ళీ చదువుకోండి అనేసి ఆయన కోపంగా వెళ్ళిపోయాడు.

ఇది చదివి చాలా రోజులైంది, ఇంకా నన్ను వదలడం లేదు. మా నాన్న కూడా ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. గేట్ మీటింగులు, సమ్మె నోటీసులు, యూనియన్ ఎన్నికల గొడవలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఇవేవీ లేని ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో నాకు చాలాసేపు ఊహకే రాలేదు.

టూరిన్‌లో అదే జరిగింది. 1925 అక్టోబరులో యజమానుల సంఘం, ఫాసిస్టు యూనియన్లు కలిసి ఒప్పందం చేసుకుని, ఫ్యాక్టరీల్లో కార్మికులు ఎన్నుకునే కమిటీలను ఎత్తేశాయి. 1926 ఏప్రిల్లో సమ్మె చట్టరీత్యా నేరమైంది. మేడే అయితే అంతకుముందే, 1923లోనే పోయింది. దాని బదులు రోమ్ పుట్టినరోజంటూ ఏప్రిల్ 21న సెలవిచ్చారు. ఆ తర్వాత ఇటలీ కరెన్సీ లీరా విలువ పెంచి బ్రిటిష్ పౌండుకు 90 లీరాల దగ్గర నిలబెట్టాలన్న ముస్సోలినీ పంతానికి మూల్యం కూలీల జేబుల్లోంచే వచ్చింది: 1927లో జీతాలు 10 నుంచి 20 శాతం దాకా కోశారు, 1930లో మళ్ళీ, 1934లో మళ్ళీ. వద్దనడానికి ఒక్క యూనియన్ లేదు, ఉన్నదేమో కోతకు సంతకం పెట్టిన యూనియన్.

దొపోలవోరో అనే సంస్థ ద్వారా ఆటలు, సినిమాలు, చౌక రైలు ప్రయాణాలు ఏర్పాటు చేశారు. చాలామంది పేదవాళ్ళు సముద్రం చూసింది ఆ రైళ్ళ పుణ్యమానే, ఆ ఆనందాన్ని నేను కొట్టిపారేయలేను. కానీ కార్మికులు సొంతంగా నడుపుకునే క్లబ్బులను మూయించి, లేదా మింగేసి, ఇది పెట్టారు.

నన్ను ఎక్కువ కలచివేసింది మాత్రం ఇంట్లోకి చొరబడిన తీరు. 1927 నుంచి 25 ఏళ్ళు దాటిన పెళ్ళికాని మగవాళ్ళ మీద పన్ను వేశారు. జనాభా 4 కోట్ల నుంచి 6 కోట్లు కావాలట, అందుకని గర్భనిరోధం గురించి ప్రచారం చేస్తే నేరం, అబార్షన్ జాతి మీద నేరం. అయినా జననాల రేటు తగ్గుతూనే పోయింది. ఆ ఆడవాళ్ళు ఏ జెండా పట్టుకోలేదు, కానీ చాలని జీతంతో ఎంతమందిని పెంచగలమో ఇంట్లో లెక్క వేసుకున్నది వాళ్ళే కదా. 1935 డిసెంబరులో ఇథియోపియా యుద్ధం కోసం పెళ్ళి ఉంగరాలు అడిగారు, బదులుగా ఉక్కు ఉంగరం ఇచ్చారు. కొందరు నమ్మకంతోనే ఇచ్చారు, కొందరు చవక ఉంగరం కొని ఇచ్చి అసలుది దాచుకున్నారు. ఫాసిస్టు పార్టీ కార్డు లేకపోతే ప్రభుత్వ ఉద్యోగం లేదు. పార్టీ పేరులోని పొడి అక్షరాలు పీ ఎన్ ఎఫ్‌కి జనం 'కుటుంబ అవసరం కోసం' అని వాళ్ళ భాషలో అర్థం చెప్పుకున్నారు. కార్డు తీసుకున్న ప్రతివాణ్ణీ ఫాసిస్టు అనేయడానికి అందుకే నాకు మనసొప్పదు.

1943 మార్చి 5, మళ్ళీ మిరాఫియోరీయే. యుద్ధం, బాంబులు, పెరిగిపోయిన ధరలు. పొద్దున 10 గంటలకు రోజూ మోగే సైరన్‌నే సమ్మెకు గుర్తుగా పెట్టుకున్నారు. విషయం బయటికి పొక్కి యాజమాన్యం ఆ రోజు సైరన్ మోగించలేదు. అయినా ఫ్యాక్టరీలోని కొన్ని విభాగాల్లో కార్మికులు మిషన్లు ఆపేశారు. ఆ నెలలోనే సమ్మె టూరిన్ అంతా పాకి మిలాన్ చేరింది.