ఉదాహరణ నడవాలి

విజయనగరంలో మా ఇంట్లో రాత్రిపూట నేనూ తమ్ముడూ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాం. ఓనర్‌షిప్ (ఏ విలువ ఏ వేరియబుల్ సొంతమో చెప్పే నియమం) గురించి ఎంత చదివినా వాడికి తలకెక్కలేదు. ఒక స్ట్రింగ్‌ని ఇంకో వేరియబుల్‌కి ఇచ్చేసి పాతదాన్ని ప్రింట్ చేయబోతే, కంపైలర్ (మన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేది) E0382 అనే ఎర్రర్ నంబరు చూపించి ఆపేసింది. విలువ ఎక్కడ చేతులు మారిందో ఆ లైన్ కిందే గుర్తుపెట్టి చూపించింది. "ఇదా అన్నయ్యా!" అన్నాడు. ఆ నంబరు ఇచ్చి వివరణ అడిగితే తప్పు కోడ్ చూపించి, ఎలా దిద్దాలో కూడా చెబుతుంది.

నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. రస్ట్ లైబ్రరీల డాక్యుమెంటేషన్‌లో రాసిన ఉదాహరణలు 'కార్గో టెస్ట్' అనే కమాండ్ కొడితే నిజంగా రన్ అవుతాయి. పాతబడి నడవకపోతే టెస్ట్ ఫెయిల్. అడగడానికి పక్కన సీనియర్ లేని మాలాంటివాళ్లకి అదెంత ధైర్యమో! తెలుగులో పాఠాలు రాసేవాళ్లూ, వివరణ కాస్త తగ్గినా పర్లేదు, నడిచే నాలుగు లైన్లు ముందు పెట్టండి.