కొండ దిగే జీపుకి ఏ టైరు? ఎన్ని పళ్ళు?

బండికి పెద్ద టైర్లు వేయించాలనుకునేవాళ్ళు దాదాపు అందరూ ఎక్కుడు గురించే మాట్లాడతారు. ఎంత ఎత్తు ఎక్కుతుంది, ఎంత బురదలోంచి బయటికొస్తుంది అని. మా నాన్న సాలూరులో లారీ నడిపేవారు. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్‌లో, లోడు మీదున్న బండికి బ్రేకులు వేడెక్కి పట్టకపోతే ఏమవుతుందో అక్కడి పిల్లలకి కూడా తెలుసు. "ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు" అని నాన్న క్లీనర్లకి పదే పదే చెప్పేవారు. అందుకే టైరు సైజైనా, క్రౌన్ పినియన్ (ఇరుసు మధ్యలో చక్రాల్ని తిప్పే పళ్ళ గేర్ల జత) అయినా నేను దిగుడు లెక్కతోనే మొదలుపెడతాను.

ఈ మధ్య మా బావమరిది జీపు కోసం ఈ లెక్కంతా మళ్ళీ కాగితం మీద వేశాను. వాళ్ళది మందస వైపు. కొబ్బరి తోట ఉద్దానం ఇసుకలో ఉంది, జీడి తోట కొండ వాలులో ఉంది. బండి పాత ఎం.ఎం. 540, ప్యూజో డీజిల్ ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్. వేసవిలో జీడిపిక్కల బస్తాలు కొండ మీంచి దింపి, హైవే ఎక్కించి పలాస చేర్చాలి. ఇసుక, రాళ్ళ బాట, ఎన్‌హెచ్ 16, మూడూ ఆ బండికి ఒక్క రోజులోనే తగులుతాయి.

"ఏటి బావా, ముప్పై ఒక్క అంగుళాల టైర్లు వేసీమంటావా?" అని ఫోన్లో అడిగాడు. ముందు ఇప్పుడు బండి కింద ఏముందో చూద్దాం, నేనొస్తాను అన్నాను.

ఇప్పుడున్న టైరు 235/70 ఆర్16. అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు. పైనా కిందా గోడలు కలుపుకుంటే మొత్తం ఎత్తు 735 మిల్లీమీటర్లు, ఇంచుమించు 29 అంగుళాలు. చుట్టుకొలత 2.31 మీటర్లు. లోడు పడితే టైరు అడుగు అణిగి ఈ లెక్క కొంచెం తగ్గుతుంది. అందుకే నేను టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు తోయించి టేపు పట్టి కొలుస్తాను. కాగితం మీది అంకెకన్నా ఈ కొలతే నమ్మకం.

తర్వాత హౌసింగులో, అంటే ఇరుసు మధ్యనున్న గేర్ల డబ్బాలో, ఎన్ని పళ్ళున్నాయో తెలియాలి. మన దగ్గర పాత జీపుల మెకానిక్కులు దశాంశాలు చెప్పరు, పళ్ళ లెక్కే చెబుతారు. పదకొండు నలభై ఒకటి అంటే 3.73. ఎనిమిది ముప్పై తొమ్మిది అంటే 4.88. ఎనిమిది నలభై మూడు అంటే 5.38. మొదటిది పినియన్ పళ్ళు, రెండోది క్రౌన్ పళ్ళు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎంత వస్తుందో, చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి హౌసింగుకి వచ్చే కడ్డీ) అన్నిసార్లు తిరగాలన్నమాట. పాత బండి ఎన్ని చేతులు మారిందో, ఏ హౌసింగు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. కాబట్టి రేకు మీద రాసినదాన్ని నమ్మకుండా తిప్పి చూసుకోవాలి.

కళ్ళంలో బండి నిలిపి, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రం మాత్రం జాకీతో లేపాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ తీసేశాం. షాఫ్ట్ మీద ఒక సుద్ద గీత, టైరు మీద ఒక గీత. ఎడమ, కుడి చక్రాల్ని వేరువేరు వేగాలతో తిరగనిచ్చే, లాకు లేని మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం నేలమీద కదలకుండా ఉంటే, రెండో చక్రాన్ని రెండు చుట్లు తిప్పితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. బావమరిది చక్రాన్ని మెల్లగా రెండు చుట్లు తిప్పాడు, నేను బండి కింద పడుకుని షాఫ్ట్ లెక్కపెట్టాను. నాలుగు చుట్లు దాటి, ఐదోది పూర్తవడానికి వేలెడు దూరంలో గీత ఆగింది. అంటే 4.88. ముందు చక్రానికి వెళ్ళి, చక్రాన్ని ఇరుసుకి కలిపే హబ్ లాక్ చేసి, ఫోర్ వీల్ తీసేసి అదే పని చేశాం. గీత ఐదు చుట్లు దాటి ఇంకా మూడో వంతు పైకి పోయింది. అక్కడున్నది 5.38!

పాత ఓనర్లలో ఎవరో ముందు వైపు హౌసింగు మార్చేశారు. ఫోర్ వీల్ వేస్తే బండి బిగుసుకుపోతోందని, లివర్ వెనక్కి రావడం లేదని బావమరిది ఎన్నాళ్ళుగానో చెబుతున్నాడు. చూసినవాళ్ళంతా గేర్‌బాక్సు విప్పాలన్నారట. గేర్‌బాక్సులో ఏమీ లేదు. ఈ జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. వెనక చక్రాలు పది మీటర్లు పోయేసరికి ముందువి తొమ్మిది మీటర్లే పోతామంటాయి. ఆ తేడాని ఇసుక జారి సర్దేస్తుంది. రాయి మీద, తారు మీద సర్దుబాటుకి చోటు లేదు. ఆ ఒత్తిడంతా జాయింట్ల మీదా గేర్ల మీదా పడుతుంది. ముందూ వెనకా పళ్ళు ఒకటే ఉండాలి, టైర్ల ఎత్తూ ఒకటే ఉండాలి, స్టెప్నీ కూడా అదే సైజు కావాలి. ఇందులో బేరం లేదు.

ఎటూ ఒక వైపు మార్చాల్సిందే కాబట్టి ఏ వైపు అన్నదే ప్రశ్న. గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి సరిగ్గా 1000 మీటర్లు, అందుకే ఆ వేగం దగ్గర లెక్క సులువు. 29 అంగుళాల టైరు నిమిషానికి 433 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరు నేరుగా ఉంటే, అంటే ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరిగితే, 4.88 మీద ఇంజను 2110 చుట్లు, 5.38 మీద 2330. 31 అంగుళాల టైరు వేసి 4.88 ఉంచేస్తే 1970కి పడిపోతుంది. హైవే మీద అది హాయిగానే అనిపిస్తుంది. పైగా మీటరు 60 చూపిస్తుంటే అసలు వేగం 64 ఉంటుంది.

ఇక కొండ దగ్గరికి వద్దాం. ఫస్ట్ గేరు నాలుగు రెట్లు, లో-రేంజ్ (బండిని ఇంకా మెల్లగా, బలంగా నడిపే అదనపు గేరు) రెండున్నర రెట్లు అనుకుందాం. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా, ఇంజను 800 మీద ఉంటే, ఇప్పుడున్న 29, 4.88 జతతో బండి నిమిషానికి 38 మీటర్లు పోతుంది. 31 వేస్తే 40 దాటుతుంది. 31 వేసి 5.38 కూడా పెడితే 37. అంటే టైర్లకీ, వెనక గేర్లకీ డబ్బు పోసి, తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తామన్నమాట. అదే 29 ఉంచుకుని 5.38 పెడితే 34. బస్తాలతో దిగేటప్పుడు ఆ నాలుగు మీటర్ల తేడా కాలికి తెలుస్తుంది. బ్రేక్ తొక్కే పని చాలావరకు ఇంజనే చేస్తుంది.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. గేరు మార్చితే ఇంజనుకి టైరు భారం సరిపోతుంది. బ్రేకుకి సరిపోదు. డ్రమ్ము చక్రం దగ్గర ఉంది, హౌసింగు పళ్ళతో దానికి సంబంధం లేదు. టైరు ఏడు శాతం ఎత్తైతే అదే బరువుని ఆపడానికి డ్రమ్ము ఏడు శాతం ఎక్కువ బలం పెట్టాలి, టైరు సొంత బరువు అదనం. ఇంతా చేసి 31 వల్ల హౌసింగు కింద కలిసొచ్చేది ఒక్క అంగుళమే, ఎందుకంటే ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది కాబట్టి పెరిగిన రెండు అంగుళాల్లో సగమే కిందికి దక్కుతుంది. ఆ ఒక్క అంగుళం కోసం దిగుడులో బ్రేకుల్ని బలి పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. రాళ్ళ మీద పోటీకి వెళ్ళే బండికి లెక్క వేరు, దానికి డిస్కు బ్రేకులు కూడా వేసుకుంటారు. ఇది బస్తాలు మోసే బండి.

వాడు కాస్త నిరాశపడ్డాడు. "సూడ్డానికి బాగుంటాది కదా బావా" అన్నాడు. బాగుంటుంది, నిజమే. కానీ ఆ బండిలో మా అక్కాచెల్లెళ్ళ పిల్లలు కూడా ఎక్కి కొండ దిగుతారు.

చివరికి టైరు 29 దగ్గరే ఉంచి, వెనక కూడా ఎనిమిది నలభై మూడే వేయించాం. టాప్ గేర్లో ఇంజను మోత పెరుగుతుంది, డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. మందస నుంచి పలాస ఎంత దూరమని! రోజూ విశాఖ వెళ్ళొచ్చే బండైతే నేను 4.88 వైపే మొగ్గేవాణ్ణి.

ఉద్దానం ఇసుకకి వెడల్పు టైరు కన్నా గాలి తగ్గించడం బాగా పనిచేస్తుంది. మామూలుగా 28 పీఎస్ఐ ఉండే గాలి 18కి దించితే టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, కూరుకుపోదు. తిరిగి హైవే ఎక్కే ముందు గాలి నింపి తీరాలి, లేకపోతే పక్క గోడ వేడెక్కి చిరుగుతుంది. అందుకే బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు ఒకటి సీటు కింద పెట్టించాను. ఇంకో మాట, పాత జీపుల సన్నటి రిమ్ముల మీద 235 టైరు ఎక్కించకండి. ఆరు అంగుళాల కన్నా సన్నటి రిమ్ము దానికి పనికిరాదు. కంపెనీ ఇచ్చిన సైజు దాటి మరీ పెద్దవి వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఇబ్బంది ఉంటుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా ప్రశ్నలొస్తాయి.

క్రౌన్, పినియన్ జతగానే కొనాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది కలపకూడదు. కూర్చోబెట్టేటప్పుడు పళ్ళకి నీలం రంగు పూసి తిప్పి చూడమని మేస్త్రీ పక్కనే నిలబడ్డాను. అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు (సన్నటి రేకు బిళ్ళలు) మార్చాడు. ఓపికమంతుడు, విసుక్కోలేదు. మొదట్లో పది పదిహేను కిలోమీటర్లు లోడు లేకుండా నడిపి, హౌసింగు చల్లారనిచ్చి, మళ్ళీ నడపమని బావమరిదికి చెప్పాను. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ దింపి కొత్త తొంభై నంబరు పోయాలి. పాత ఆయిల్లో మెరిసే పొడి కొంచెం ఉంటే పర్వాలేదు. ముక్కలు తగిలితే మాత్రం బండి కదపకుండా నాకు ఫోన్ చేయమన్నాను.