పిత్తనాళంలో కాల్షియం, మా బాబాయి డౌటు

అమలాపురం వచ్చినా ఫిజియాలజీ వదలట్లేదు నన్ను. పిత్తనాళం (లివర్ నుంచి పిత్తాన్ని మోసే గొట్టం) కణాల మీద ఏటీపీ అనే సిగ్నల్ అణువు వచ్చి రిసెప్టర్‌కి (సిగ్నల్ అందుకునే ప్రొటీన్) తగలగానే లోపల ఐపీ3 అనే చిన్న అణువు తయారవుద్ది, అది కణంలో దాచుకున్న కాల్షియంని విడుదల చేయిస్తుంది, దాంతో నాళం వైపు ఛానెళ్లు తెరుచుకుని క్లోరైడ్ బయటికెళ్తుంది, ఆ క్లోరైడ్‌ని తిరిగి లోపలికి లాగి బదులుగా బైకార్బొనేట్‌ని నాళంలోకి వదిలేది ఏఈ2 అనే ప్రొటీన్, దాని వెనకే నీళ్లు. మన కాలవ లాకుల్లాగే, తలుపు ఎక్కడుందన్నదే అసలు సంగతి! ఐపీ3 తగలగానే కాల్షియంని వదిలే తలుపులు, అంటే టైప్ 3 ఐపీ3 రిసెప్టర్లు, నాళం వైపే గుమిగూడి ఉంటాయి మరి. కొన్ని పిత్తనాళ జబ్బుల్లో ఇవే తగ్గిపోతాయంట, పాపం.

ఇదంతా విని మా బాబాయి "అయితే పాలు తాగితే లివర్ బాగుపడుద్దా ఏంటే?" అన్నాడు. కాదు బాబాయ్, ఇది కణం లోపలి సిగ్నల్ అంటే, సర్లే ముందు పులస తిందువు గాని రా అని లేచాడు 😄