మెయింటైనర్ తప్పుకున్న ప్రాజెక్టును ఏం చేయాలి?

ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల సిద్ధంగా ఉన్న కోడ్‌ను ఓపెన్ సోర్స్ లైబ్రరీ అంటాం; దాని బాగోగులు చూసే వ్యక్తే మెయింటైనర్. అలాంటి ఒక లైబ్రరీకి కొన్నేళ్లుగా కొత్త విడుదల లేదని తెలియగానే చాలామంది మరో లైబ్రరీ వెతుక్కుంటారు. కొన్నిసార్లు అదే సరైన పని. కానీ అందులో మనం ఎంత భాగాన్ని వాడుకుంటున్నామో, ఆగిపోయింది ఎక్కడో చూడకుండా వదిలేస్తే, ఇన్నాళ్లూ ఉచితంగా దక్కిన శ్రమను సులువుగా పారేసినట్టవుతుంది. అలాంటి ప్రాజెక్టు బరువును ఇకపై మోయవలసింది దాన్ని వాడుకునేవాళ్లేనని నేను గట్టిగా నమ్ముతాను.

చీమకుర్తిలో మా బాబాయి నడిపే గ్రానైట్ పలకల దుకాణంలో తెలుగు రసీదులు ఇచ్చే ప్రోగ్రామును నేనే చూసుకుంటాను. పలక పొడవు, వెడల్పు కొడితే చదరపు అడుగులు లెక్కగట్టి థర్మల్ ప్రింటర్‌కు పంపుతుంది. ఆ ప్రింటర్‌లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి రసీదునంతా ముందుగా బొమ్మగా గీయాలి. ఆ పనికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బొమ్మల పనులకు వాడే పిల్లో అనే లైబ్రరీ మీద ఆధారపడిన ఒక చిన్న లైబ్రరీని వాడుతున్నాం. 2023లో వచ్చిన పిల్లో 10, అక్షరాల కొలత చెప్పే టెక్స్ట్‌సైజ్ అనే పాత ఫంక్షన్‌ను తీసేసింది. లైబ్రరీ మెయింటైనర్ అప్పటికే పని ఆపేసి ఉండటంతో, దుకాణంలో కంప్యూటర్ మార్చి అన్నీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన రోజున రసీదులు నిలిచిపోయాయి.

పిల్లోను పాత వెర్షన్‌కే కట్టిపెడితే దుకాణం ఆ పూటకు నడిచింది. అయితే పాత వెర్షన్లకు భద్రతా సవరణలు రావు కనుక అది తాత్కాలికమే. తర్వాత కోడ్ చదివితే మార్చవలసింది కొద్ది చోట్లేనని తేలింది. కానీ కొత్త ఫంక్షన్ వెడల్పు, ఎత్తులకు బదులు పెట్టె నాలుగు అంచులను ఇస్తుంది. పై అంచును కింది అంచులోంచి తీసేసి అదే బొమ్మ ఎత్తు అనుకుంటే, ‘ధర’ అన్న మాటకు అడుగు కోసుకుపోతుంది, ‘మొత్తం’లో ఒత్తే ఎగిరిపోతుంది. కింది అంచునే ఎత్తుగా తీసుకోవాలి. తెలుగు చదవగలిగినవాడు కాగితం మీద చూస్తే తప్ప ఈ తేడా పట్టుబడదు; ఇలాంటి ప్రాజెక్టులకు ఇక్కడివాళ్లు అవసరమయ్యేది ఇందుకే.

సవరణ సిద్ధమయ్యాక దాన్ని మెయింటైనర్‌కు మర్యాదగా పంపి, జవాబు కోసం కొంతకాలం ఆగాలి. ఉద్యోగం, అనారోగ్యం, ఇంటి బాధ్యతలు, మౌనానికి ఏవైనా కారణం కావచ్చు. పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలో, వదిలేసిన ప్రాజెక్టు పేరును మరొకరికి అప్పగించడానికి లిఖిత నియమాలున్నాయి. యజమాని అందుబాటులో లేకపోవడం, 12 నెలలుగా విడుదల లేకపోవడంతో పాటు, అడిగేవారు తమ ఫోర్క్‌లో, అంటే అదే కోడ్‌ను తీసుకుని తాము విడిగా నడిపే ప్రతిలో, చేసిన మెరుగుదలలను చూపాలి, వేరే పేరు ఎందుకు చాలదో చెప్పాలి. నిదానమైన పద్ధతే, కానీ ఆ నిదానం అవసరమని 2024 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది.

ఫైళ్ల పరిమాణాన్ని తగ్గించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా ఏళ్లు దాదాపు ఒక్కరే నడిపారు. ఆయన అలసిపోయిన సమయంలో, కొత్తవారికి బాధ్యత ఇవ్వమని కొన్ని ఖాతాల నుంచి ఒత్తిడి వచ్చింది. అప్పటికే ఓపికగా సవరణలు పంపుతూ వచ్చిన వ్యక్తికి అధికారం దక్కింది. ఆ చేతిమీదుగానే 5.6.0, 5.6.1 విడుదలల్లోకి, ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు పనికొచ్చే దొంగదారి చేరింది. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి అది బయటపడింది. మెయింటైనర్‌ను తొందరపెట్టే ప్రతి ఉత్తరం ఇలాంటివారికే మేలు చేస్తుంది. సాయం చేయదలచినవాళ్లు తాళాలు అడగకుండానే ఎంతో చేయవచ్చు: బగ్గును మళ్లీ రప్పించి చూడటం, పరీక్షలు రాయడం, ఇతరులు పంపిన సవరణలు (ప్యాచ్‌లు) చదవడం.

ఆపేయదలచిన మెయింటైనర్లు ఆ మాట స్పష్టంగా రాసిపెడితే అది కూడా గొప్ప సేవ. మొమెంట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ బృందం 2020లో, ఇకపై కొత్త హంగులు చేర్చబోమని ప్రకటించి, ప్రత్యామ్నాయాల పేర్లు కూడా తామే చెప్పింది.

నా ఉత్తరానికి జవాబు రాలేదు. అందుచేత పాత పేరు కోరకుండా వేరే పేరుతో ఫోర్క్ పెట్టాను. మూల రచయిత పేరు, లైసెన్సు అలాగే ఉన్నాయి. ఏ పిల్లో వెర్షన్‌తో, ఏ ప్రింటర్‌తో పరీక్షించానో ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో రాశాను. ఒంగోలులోనో కావలిలోనో తెలుగు రసీదులు ముద్రించే మరొకరు తమ ప్రింటర్ మీద పరీక్షించి ఫలితం పంపితే, దాన్నీ అక్కడే చేరుస్తాను.