కరెంటు అమ్ముకునే దేశంలో కరెంటు పోయిన రాత్రి

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో దిగిన మూడో రాత్రే కరెంటు పోయింది. 2023 జనవరి. అక్కడ జనవరి అంటే నడివేసవి. పగలంతా కాసిన ఎండ రాత్రికి గోడల్లోంచి బయటికొస్తోంది. ఉండబట్టలేక కిందికి దిగితే, రిసెప్షన్ కుర్రాడు ఫోన్ లైటు వెలుగులో తాపీగా తెరెరే తాగుతున్నాడు. యెర్బా ఆకు నింపిన కొమ్ములో ఐసునీళ్ళు పోసి లోహపు గొట్టంతో పీల్చుకునే పానీయం అది. రోట్లో దంచిన పచ్చి మూలికలేవో కూడా కలుపుతారు. నాకూ పోసిచ్చాడు. తాగి మర్యాదగా "గ్రాసియాస్" అన్నాను. అంతే, మళ్ళీ పోయలేదు.

నాకు నవ్వూ చిరాకూ రెండూ వచ్చాయి. నేను పరాగ్వే వచ్చిందే సబ్‌స్టేషన్‌లో రిలేలు, అంటే లోపాన్ని పసిగట్టి లైను ఆపించే పరికరాలు, టెస్ట్ చేసే పనిమీద. జేబులో ఉన్న లక్ష గ్వారానీల నోటు వెనక, పరాగ్వే, బ్రెజిల్ కలిసి కట్టిన ఇతైపు డ్యామ్ బొమ్మ. (లక్ష అని కంగారుపడకండి, అప్పట్లో డాలరుకి ఏడు వేల పైనే వచ్చేవి.) వాడుకోగా మిగిలిన కరెంటు పక్క దేశానికిచ్చే చోట, నేను చెమటలు కక్కుతూ విసనకర్ర కోసం వెతుక్కుంటున్నాను.

లోటు నీళ్ళలో లేదు, తీగల్లో ఉంది. ఇతైపులో కరెంటు పుట్టడం 1984లో మొదలైతే, అక్కణ్ణుంచి రాజధాని వైపు 500 కేవీ (ఐదు లక్షల వోల్టుల) లైను వచ్చింది 2013లో. అది వచ్చాక కూడా, ఊరంతా ఒకేసారి ఏసీలు వేస్తే వీధి ట్రాన్స్‌ఫార్మర్లు చేతులెత్తేస్తాయి. బావి ఉంది, చేద చాల్లేదు.

ఆ వారాంతం బస్సెక్కి డ్యామ్ చూడ్డానికి వెళ్ళాను. పరానా నదికి అడ్డంగా దాదాపు 8 కిలోమీటర్ల కట్ట, 196 మీటర్ల ఎత్తు. 700 మెగావాట్ల యూనిట్లు 20. ఎత్తూ పొడవూ ఫొటోల్లో చూసినవే. నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. ఆ ఇరవైలో పది 50 హెర్ట్జ్‌వి, పది 60 హెర్ట్జ్‌వి! హెర్ట్జ్ అంటే ఏసీ కరెంటు సెకనుకి ఎన్ని ఆవృత్తాలు తిరుగుతుందన్న లెక్క. పరాగ్వేది 50, బ్రెజిల్‌ది 60. పరాగ్వేని కూడా 60కి మారమని బ్రెజిల్ అడిగింది, వీళ్ళు మారలేదు. దాంతో ఒకే కప్పు కింద రెండు రకాల యంత్రాలు పెట్టాల్సొచ్చింది. కంట్రోల్ రూమ్ మధ్యలోంచే సరిహద్దు వెళ్తుంది, అటు సగం బ్రెజిల్, ఇటు సగం పరాగ్వే. చూపించిన ఇంజనీర్ "మీ దేశంలో ఎంత?" అని అడిగాడు. యాభై అన్నాను. "అయితే మీరు మావాళ్ళే" అని చెయ్యి కలిపాడు.

50 హెర్ట్జ్ యూనిట్లలో పరాగ్వే వాడగా మిగిలింది బ్రెజిల్‌కి పోవాలి, కానీ నేరుగా వాళ్ళ గ్రిడ్‌లో కలవదు. అందుకని దాన్ని ఎప్పుడూ ఒకే దిశలో పారే డీసీగా మార్చి, 600 కేవీ లైన్లమీద సావో పాలో దాకా దాదాపు 800 కిలోమీటర్లు మోసుకెళ్ళి, అక్కడ 60 హెర్ట్జ్ ఏసీ చేస్తారు. నాలాంటివాడికి అది తీర్థయాత్ర. అక్కడివాళ్ళకి మాత్రం పుండు. 1973 ఒప్పందం ప్రకారం మిగిలిన కరెంటు బ్రెజిల్‌కే ఇవ్వాలి, ఇంకెవరికీ అమ్మడానికి లేదు. సంతకాలు జరిగినప్పుడు రెండు దేశాల్లోనూ సైనిక పాలనే, ఇక జనాన్ని అడిగిందెవరు? డ్యామ్ అప్పు చివరి వాయిదా నేను తిరిగొచ్చాక, ఆ ఫిబ్రవరిలో తీరింది.

సరుకు సంగతీ ఇలాంటిదే. దేశానికి సముద్రతీరం లేదు. సోయా సముద్రం చేరాలంటే అసున్సియోన్ నుంచి దాదాపు 1,600 కిలోమీటర్ల నది, అదీ అర్జెంటీనా మీదుగా. సరిగ్గా నేనున్న నెలలోనే అర్జెంటీనా ఆ దారిలో టన్నుకి 1.47 డాలర్ల టోలు మొదలుపెట్టింది. సైట్‌లో ఎవరి నోట విన్నా అదే మాట. సొంత వాకిలి లేని ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో అప్పుడర్థమైంది.

వెయ్యి గ్వారానీల నాణెంమీద ఒకప్పటి దేశాధ్యక్షుడు మార్షల్ సొలానో లోపెస్ ఉంటాడు. బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే మూడింటితోనూ యుద్ధం చేసి, 1870 మార్చి 1న సెర్రో కొరాలో చచ్చిపోయాడు. ఆ యుద్ధంలో దేశ జనాభా ఎంత పోయిందన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు, సగానికి పైనే అనేవాళ్ళున్నారు. అక్కడ పిల్లల దినోత్సవం ఆగస్టు 16. 1869లో అదే రోజు, అకోస్తా న్యూలో చిన్నపిల్లలు సైనికులుగా నిలబడి చనిపోయారు. ఆ తేదీన పిల్లలకి బొమ్మలు కొనిస్తారని విన్నాక కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు.

ఇంకో వింత. ఇందాకటి 500 కేవీ లైను చేరే ఊరి పేరు విల్యా హేస్. యుద్ధం తర్వాత, పడమటి వైపున్న చాకో ప్రాంతంలో కొంత భూమి అర్జెంటీనా తనదంటే, 1878లో మధ్యవర్తిగా అమెరికా అధ్యక్షుడు హేస్ పరాగ్వేకే చెందుతుందని తీర్పిచ్చాడు. సొంత దేశంలో పెద్దగా ఎవరికీ గుర్తులేని మనిషి పేరు ఇక్కడ ఊరికీ ఉంది, జిల్లాకీ ఉంది. పేరులో హెచ్ మాత్రం పలకరు.

బయల్దేరే ముందు రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. ఈసారి నేరుగా కిందికెళ్ళి కుర్రాడి పక్కన కూచున్నాను. గ్రాసియాస్ అంటే "ఇక చాలు" అని అర్థమని అప్పటికి సైట్‌లో ఎవరో చెప్పారు. నోరు మూసుకుని, కరెంటొచ్చేదాకా తాగుతూనే ఉన్నాను.