ఎడమ బొటనవేలి సంగతి

మైలాపూరులో మన మాండలిన్ తరగతికి కొత్తగా ఎవరొచ్చినా గురువుగారి చూపు ముందు ఎడమ బొటనవేలి మీద పడేది. "కాస్త వదులు నాయనా, దండి ఎక్కడికీ పారిపోదు" అనేవారు. దండి అంటే తీగల కింద ఎడమచేయి పట్టే మాండలిన్ మెడ. ఇప్పుడు తమ పిల్లల్ని చేర్పిస్తున్న పాత విద్యార్థులు చాలామందే ఉన్నారు గనుక ఆ పాఠాన్నే ఇక్కడ పెడుతున్నాను.

దండిని పిడికిట పట్టకూడదు. బొటనవేలి కణుపు దండి పక్కన ఊరికే ఆనాలి. దాని మొదలుకూ దండికీ నడుమ పెన్సిలు దూరేంత సందుండాలి. అది మూసుకుపోతే వేళ్లు బల్లపరుపుగా పడి పక్క తీగను నొక్కేస్తాయి, చిటికెనవేలికి ఏడో మెట్టు (దండికి అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) అందదు. వాద్యం బరువు ఒడి, మెడపట్టీ చూసుకుంటాయి.

వేలికొన మెట్టుకు సరిగ్గా వెనక, దాదాపు ఆనుకుని పడాలి. రెండు మెట్ల నడిమధ్య నొక్కితే తీగ జర్రుమంటుంది, మెట్టు మీదే నొక్కితే నాదం మూగబోతుంది. ఎంత బలం కావాలో తీగే చెబుతుంది. వేలు ఆనించి మీటుతూ మెల్లగా నొక్కుడు పెంచండి. ముందు టక్కుమంటుంది, తర్వాత జర్రుమంటుంది, ఆపైన స్వరం శుభ్రంగా పలుకుతుంది. అక్కడే ఆగాలి. ఇంకా నొక్కినా, వేలు తీగను పక్కకు లాగినా స్వరం పైకి పోతుంది. ట్యూనర్‌లో శ్రుతి బాగానే ఉండి వాయిస్తే అపస్వరం వస్తోందంటే ముందు ఇదే చూడాలి. పన్నెండో మెట్టు దగ్గర తీగ 2 మిల్లీమీటర్ల కంటే ఎత్తుగా ఉంటే తీగలను మోసే బ్రిడ్జిని దింపించండి, పిల్లల్ని తిట్టి లాభం లేదు.

తీగలను వరసగా స, ప, స, ప స్వరాలకు శ్రుతి చేస్తే మాయామాళవగౌళ రాగం ఎడమచేతికి వరం. ఖాళీ తీగ స. ఒకటో మెట్టు మీద చూపుడువేలు రి, నాలుగో మెట్టు మీద మధ్యవేలు గ, అయిదో మెట్టు మీద ఉంగరపువేలు మ. పక్కనున్న పంచమం తీగ ఖాళీగా ప, మళ్లీ అవే మెట్ల మీద ధ, ని, స. పెట్టిన వేలిని ఆ తీగ దాటేదాకా ఎత్తొద్దు. అవరోహణలో ఉంగరపువేలు లేవగానే గాంధారం సిద్ధంగా ఉంటుంది. వేళ్లను గాల్లోకి ఎగరేసేవాళ్లు రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, దొరికిపోతారు.

నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండే వాద్యమైతే వేలికొన జంటలోని రెండిటి మీదా సమంగా పడాలి. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, జంట తీగలు మొరాయిస్తాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ గారు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టింది ఊరికే కాదు. జారులో, అంటే వేలు ఎత్తకుండా ఒక స్వరం నుంచి మరోదానికి జరిపేటప్పుడు, నొక్కుడు సడలకూడదు, కదలిక మోచేతి నుంచి రావాలి, బొటనవేలూ వెంట నడవాలి.

గోళ్లు పెరిగితే వేలికొన నిలువుగా దిగదు. శనివారం క్లాసుకు గోళ్లతో వచ్చి "శుక్రవారం తీయకూడదంది మా బామ్మ" అనేవాళ్లకు "గురువారం ఉందిగా అమ్మా" అని జవాబు సిద్ధంగా ఉండేది.

చెన్నై ఉక్కకు స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి, గరుకు తీగ మీద జారు సాగదు. వాయించగానే పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడిచి పెట్టెలో పెట్టండి.