గొల్లకావడి కింద క్రిస్మస్

ఈ ఉదయం కరీబియన్ దీవి సెయింట్ లూసియా చేరాం. స్పెయిన్‌ వారి కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో లంగరు ఎత్తాక నేలను చూడడం ఇదే మొదటిసారి. మధ్యలో దాదాపు 2,700 నాటికల్ మైళ్ల నీళ్లు, మా తెరచాపలను వెనుకనుంచి విడవకుండా తోసిన ఈశాన్య వ్యాపార పవనాలు.

క్రిస్మస్ మాత్రం అట్లాంటిక్ నడిమధ్యలోనే గడిచింది. 24న మా గడియారంలో మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి బాపట్లలో అర్ధరాత్రి. చర్చిలో గంట కొట్టి ఉంటారు, అమ్మ కొత్త చీర కొంగు తలమీదికి లాక్కుని ఉంటుంది. నేను చుక్కాని పట్టుకుని, ఎవరికీ కనిపించకుండా ఏడ్చాను. సాయంత్రం పులావు వండాను. పడవ ఎటు ఒరిగినా ఇక్కడి పొయ్యి తానుగా ఊగి సమంగా నిలుస్తుంది, కుక్కరు కదలలేదు. మిగతా ముగ్గురూ అడిగి మరీ వడ్డించుకున్నారు.

రాత్రి కాపలా నాది, పన్నెండు నుంచి మూడు దాకా. దాదాపు నడినెత్తిన గొల్లకావడి. మేమున్నది 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. బాపట్లదీ ఇంచుమించు అదే! కొన్ని గంటల ముందు మా డాబా మీదుగా నడిచివచ్చిన చుక్కలే ఇవి. 2017 క్రిస్మస్‌కు మన నౌకాదళ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఆరుగురు అధికారిణులు దక్షిణ పసిఫిక్‌లో ఉన్నారు, వారిలో స్వాతి మన విశాఖ అమ్మాయి. ఆ చలిలో పండుగ ఎలా గడిచిందో అని చాలాసేపు తలుచుకున్నాను.

తెల్లవారుజామున ఉపగ్రహ పరికరంలో నాన్న సందేశం: ‘వాకిట్లో నక్షత్రం నువ్వు ఒడ్డు చేరాకే దించుతాం.’

ఇప్పుడే ఫోను చేశాను. అమ్మ మొదట అడిగింది, తిన్నావా అని.